మంత్రి ముందరి బంటు

మన ఇళ్ళలో ఆడే చదరంగంలో రాజు ప్రక్కన నిలిచేవాడు మంత్రి. పాశ్చాత్యుల బల్ల మీద అదే గడిలో రాణి నిలుస్తుంది. నేడు ఈ భేదం పేరులో మాత్రమే. పూర్వకాలపు మంత్రి ఐమూలగా ఒక్క గడి మాత్రం నడిచే ముదుసలి అమాత్యుడు. పదిహేనవ శతాబ్దపు చివరి భాగంలో ఐరోపాఖండంలో ఆయన స్థానంలోని పావు రాణిగా మారి, బల్ల అంతటా నిరాటంకంగా సంచరించే అధికారం సంపాదించుకొన్నది. మనవారు ఆ అధికారాన్ని స్వీకరించినారు గాని మంత్రి అనే పేరును విడువలేదు. బంటు సంగతి కూడా ఇట్టిదే. మన పాత పద్ధతిలో బంటు తొలి ఎత్తున కూడా ఒక్క గడియే నడిచేది. రెండు గళ్ళు ఒక్కసారిగా సాగే స్వేచ్ఛ పశ్చిమం నుండి వచ్చినది. కనుక వారు రాణి బంటు ఆట అని పిలిచేదానిని మనం మంత్రి బంటు ఆట అనుకోవడంలో దోషం లేదు.

ఇక్కడ చెప్పబోయేది అట్టి ఆట ఒకటి. 1972 జూలై 23వ తేదీ ఆదివారంనాడు ఐస్‌లాండ్ రాజధాని రేక్యావిక్ నగరంలో అది జరిగినది. తెల్లపావులు అమెరికా దేశీయుడైన బాబీ ఫిషర్‌వి. నల్లపావులు నాటి ప్రపంచ విజేత, సోవియట్ దేశీయుడు బోరిస్ స్పాస్కీవి. ఆట నలభై ఒక్క ఎత్తులలో ముగిసినది. ముగిసిన మరుక్షణంలో జరిగిన సంఘటన ఒకటి ఉన్నది. దానికొరకే ఈ ఆటను ఇన్నేళ్ళ తరువాత మళ్ళీ బల్ల మీద పరచి చూడవలెననిపిస్తుంది. అయితే ఆ ఘట్టం విలువ తెలియవలెనంటే మొదటి ఎత్తు నుండి రావలసినదే.

ముందుగా పేర్లు కుదుర్చుకొందాం. ఒక్కొక్క సీమలో పావుల పేర్లు ఒక్కొక్క విధంగా ఉన్నవి. ఇక్కడ మూలగడిలో నిలిచి తిన్నగా నడిచేదానిని ఏనుగు అనీ, దాని ప్రక్కది గుర్రమనీ, ఆ ప్రక్కన నిలిచి ఐమూలగా పోయేదానిని శకటు అనీ వ్యవహరిస్తాను. మరొక పేరుకు అలవాటుపడిన పాఠకులు క్షమింతురుగాక.

మంత్రి బంటు ఆటలో తెల్లవాడు మంత్రి ముందరి బంటును రెండు గళ్ళు నడుపుతాడు. నల్లవాడు కూడా తన మంత్రి బంటును ఎదురుగా తెచ్చి నిలుపుతాడు. అప్పుడు తెల్లవాడు మంత్రి వైపు శకటు ముందరి బంటును కూడా రెండు గళ్ళు సాగించి, నల్లబంటుకు ఎరగా చూపుతాడు. తిను, తింటే నడిమి గళ్ళు నావి అని దాని అర్థం. నల్లవాడు ఆ ఎరను ముట్టక, రాజు ముందరి బంటును ఒక్క గడి జరిపి, తన మంత్రి బంటుకు ఆసరా కల్పిస్తే అదే ఎరను నిరాకరించే పద్ధతి. ఇంతకంటె పెద్దమనిషి తరహా ప్రారంభం చదరంగంలో మరొకటి లేదని నా అభిప్రాయం. ఇందులో తొందర లేదు, దౌర్జన్యం లేదు. ఇరుపక్షాలవారూ ముందు ఇల్లు చక్కబెట్టుకొని, తరువాత తగవుకు కూర్చుంటారు. 1927లో బ్యూనస్ ఐరిస్ నగరంలో కాపబ్లాంకాకూ అలెఖిన్‌కూ జరిగిన మహాసంగ్రామంలో మొత్తం ముప్పది నాలుగు ఆటలు ఆడగా, అందులో ముప్పది రెండు ఈ పద్ధతిలోనివే. అప్పుడే ఇది అరిగిపోయినదన్నవారు ఉన్నారు. కాని అరగలేదు. తెలుగు కుటుంబంలో పుట్టి చెన్నైలో పెరిగిన గుకేశ్, 2024లో సింగపూరులో ప్రపంచ విజేత పీఠానికి పోరాడినప్పుడు, నవంబరు 27న మూడవ ఆటలో తన తొలి విజయాన్ని ఈ ఎర నిరాకరించిన పద్ధతిలోనే సాధించినాడు.

ఈ పద్ధతిలో నల్లవాడికి ఒక పాత బాధ ఉన్నది. రాజు బంటును ఒక్క గడి జరిపినందువల్ల మంత్రి వైపు శకటుకు దారి మూసుకొని పోతుంది. ఇల్లు పదిలమైనది గాని, ఇంటిలోని వాడొకడు బందీ అయినాడన్నమాట. ఆ బందీని విడిపించడానికి తరతరాల ఆటగాళ్ళు తంటాలు పడినారు. వారిలో తార్తకోవర్ అనే చమత్కారి ఒక ఉపాయం చెప్పినాడు. మంత్రి వైపు గుర్రం ముందరి బంటును ఒక్క గడి జరిపితే ప్రక్కగోడకు ఒక కిటికీ ఏర్పడుతుంది, శకటు అటునుండి బయటికి చూడగలుగుతుంది. సోవియట్ దేశంలో ఈ ఉపాయాన్ని తార్తకోవర్ పేరుతోపాటు మకగోనోవ్, బొండరెవ్‌స్కీ అనే మరి ఇద్దరి పేర్లతో కూడా పిలుస్తారు. ఈ మూడవ పేరును జ్ఞాపకం ఉంచుకోవలెను. ఇగోర్ బొండరెవ్‌స్కీ స్పాస్కీకి గురువు. 1969లో శిష్యుడు ప్రపంచ విజేత అయ్యేవరకు వెంట నిలిచినవాడు. 1972 నాటికి ఆ గురుశిష్యులు వేరుపడినారు, రేక్యావిక్‌కు ఆయన రాలేదు. కాని ఆయన చూపిన పద్ధతి శిష్యునితో వచ్చినది. నల్లపావులతో ఆ పద్ధతిలో స్పాస్కీ అంతవరకు ఓటమి ఎరుగడని చెబుతారు.

ఇక ఆ ఇద్దరు మనుష్యులు. స్పాస్కీ 1937లో లెనిన్‌గ్రాడ్‌లో పుట్టినాడు. యుద్ధకాలంలో శత్రుసేనలు ఆ నగరాన్ని ముట్టడించినప్పుడు, అన్నతోపాటు దూరప్రాంతపు పిల్లల శరణాలయానికి చేరినాడు. ఐదేళ్ళ ప్రాయంలో పావుల నడక నేర్చుకొన్నాడు. పెద్దవాడైన తరువాత కూడా మాటలో మెత్తదనం, నడతలో హుందాతనం అతనిని విడువలేదు. ఫిషర్ 1943లో చికాగోలో పుట్టి, బ్రూక్లిన్‌లో తల్లి పోషణలో పెరిగినాడు. ఆరేళ్ళప్పుడు అక్క కొనితెచ్చిన చదరంగం అతని జీవితాన్ని మ్రింగివేసినది. బడి చదువు సగంలో మానివేసిన ఈ బాలుడు రష్యన్ భాషను మాత్రం పట్టుదలతో నేర్చినాడు. ఎందుకంటే ఆనాడు చదరంగంపై ఉత్తమమైన పత్రికలు ఆ భాషలోనే వెలువడేవి. విద్యార్థులారా, బడి మానినవాడు కూడా గొప్పవాడైనాడు గదా అని ఎవరైనా అనబోతే, అతడు పరాయి భాషను నేర్చి చదివిన పత్రికలను ముందు లెక్కించమనండి.

ఫిషర్‌కు ఆటలో ఒక మతం ఉండేది. తెల్లపావులు చేతికి వస్తే రాజు ముందరి బంటును రెండు గళ్ళు నడపడమే అతని నిత్యకృత్యం. అదే ఉత్తమమైన ఎత్తు, పరీక్షలో తేలిన సత్యం అని అతడు వ్రాసికొన్నాడు కూడా. వేరొక ఎత్తుతో ఆరంభించిన ఆటలు వ్రేళ్ళమీద లెక్కింపదగినవి. తెల్లపావులతో మంత్రి బంటు ఆట అతడు దాదాపు ఎన్నడూ ఆడి ఎరుగడు. 1971లో తైమనోవ్‌ను ఆరుకు సున్నగా, లార్సెన్‌ను ఆరుకు సున్నగా ఓడించి, పిదప మాజీ విజేత పెట్రోస్యాన్‌ను కూడా పడగొట్టి, స్పాస్కీ ఎదుటికి వచ్చినప్పుడు ప్రపంచమంతా అనుకొన్నది ఒక్కటే. ఫిషర్ ఏమి ఆడుతాడో స్పాస్కీకి ముందే తెలుసు. సోవియట్ శిబిరంలో సిద్ధం చేసిన వ్యూహాలలో హెచ్చు భాగం ఆ నమ్మకం మీద నిలిచినవే.

పోటీ ఆరంభమే అస్తవ్యస్తంగా జరిగినది. ఫిషర్ సకాలానికి రాలేదు. డబ్బు చాలదన్నాడు. ఇంగ్లండు ధనికుడొకడు బహుమతిని రెట్టింపు చేసినాడు. మొదటి ఆట జూలై 11న మొదలైనది. సమంగా ముగియవలసిన ఆటలో ఫిషర్ తన శకటును అనవసరంగా వలలో వేసికొని ఓడినాడు. కెమెరాల చప్పుడు భరించలేనని రెండవ ఆటకు రానేలేదు. అది కూడా స్పాస్కీ ఖాతాలోకి పోయినది. అప్పటికి రెండుకు సున్న. ఇంతకు పూర్వం వారిరువురి మధ్య జరిగిన ఆటలలో ఫిషర్ మూడు ఓడినాడు, రెండు సమం చేసినాడు, ఒక్కటి కూడా గెలువలేదు. పోటీని వదలి వచ్చివేయమని మాస్కో అధికారులు స్పాస్కీని ఒత్తిడి చేసినారు. వెళ్ళినట్లయితే కిరీటం అతని తలమీదనే నిలిచి ఉండేది. అతడు వెళ్ళలేదు. మూడవ ఆటను ప్రేక్షకులకు దూరంగా, రంగస్థలం వెనుక చిన్న గదిలో ఆడవలెనని ఫిషర్ పట్టుబడితే దానికీ ఒప్పుకొన్నాడు. ఆ గదిలో ఫిషర్ మొదటిసారి అతనిని ఓడించినాడు. నాలుగవది సమం, ఐదవది మళ్ళీ ఫిషర్‌దే. ఆరవ ఆట నాటికి ఇరువురికీ చెరి రెండున్నర పాయింట్లు.

ఫిషర్ చేయి మొదట కదిపినది శకటు ముందరి బంటును. సభలో కలకలం పుట్టినది. స్పాస్కీ రాజు బంటును ఒక్క గడి జరిపినాడు. ఫిషర్ గుర్రాన్ని దింపినాడు. మూడవ ఎత్తున మంత్రి ముందరి బంటు రెండు గళ్ళు సాగి వచ్చి నిలిచినది. దారి తిరిగి వచ్చినా ఊరు మాత్రం అదే. ఎరను నిరాకరించిన మంత్రి బంటు ఆట. స్పాస్కీ తనకు ఓటమి ఎరుగని పద్ధతినే ఎంచుకొన్నాడు. ఏడవ ఎత్తున గురువు చూపిన కిటికీ తెరచినాడు. ఫిషర్ అంతవరకు నమ్మిన మతాన్ని విడిచి, ప్రత్యర్థి పుట్టి పెరిగిన ఇంటికే కయ్యానికి వచ్చినాడన్నమాట.

తరువాత మూడెత్తులలో గుర్రాలు ఒక జత, శకట్లు ఒక జత, బంట్లు కొన్ని మారిపోయినవి. బల్ల తేటబడినది. నల్లవాడికి బందీగా ఉన్న శకటు చివరకు కిటికీలోనుండి గాక, వాకిటి నుండే నడిమికి వచ్చి నిలిచినది. అంతా సవ్యమే అనిపిస్తుంది. అప్పుడు ఫిషర్ తన మంత్రిని బల్ల అంచుకు తీసుకొనిపోయి, అక్కడినుండి ఐమూలగా నల్లమంత్రి వైపు గురిపెట్టినాడు. ఆ రెండింటికీ నడుమ ఒక్క నల్లబంటు మాత్రం అడ్డున్నది. అది కదిలితే మంత్రి పోతుంది. ఉపాధ్యాయులు ఈ స్థితిని తరగతిలో నల్లబల్ల మీద గీసి చూపించవచ్చును. ఎందుకంటే ఐదెత్తుల తరువాత ఫిషర్ తన గుర్రాన్ని సరిగా ఆ బంటు తినగల గడిలోనే దించినాడు. చూసేవారికి పిచ్చి ఎత్తు. బంటు దానిని తినవచ్చును, కాని తినలేదు. కట్టువేసిన కుక్క ముందు అన్నం పెట్టినట్లు.

పదునాలుగవ ఎత్తు దగ్గర ఒక్క నిముషం ఆగవలెను. ఫిషర్ తన శకటును ముందుకు తెచ్చి నల్లగుర్రం బయటికి రావలసిన దారిని కాచినాడు. ఈ ఎత్తు అతని సొంత కల్పన కాదు. 1970లో ఫుర్మన్ అనే సోవియట్ ఆటగాడు గెల్లర్ అనే మరొక సోవియట్ ఆటగాడిపై దీనిని ప్రయోగించినాడు. ఆ గెల్లరే 1972లో స్పాస్కీ సహాయకులలో ఒకడు. ఎదుటివారి భాష నేర్చి, ఎదుటివారి ఆటలు చదివి, ఎదుటివారి బాణాన్నే ఫిషర్ వారిమీద ఎక్కుపెట్టినాడు. స్పాస్కీ ఆడిన మూడువందలకు పైబడిన ఆటలను కూర్చిన ఒక లావుపాటి ఎర్ర పుస్తకం ఆ రోజులలో ఫిషర్ చేతిని విడిచి ఉండేది కాదట. మరుసటి సంవత్సరం హిల్వర్సుమ్‌లో గెల్లర్, యువకుడైన టిమ్మన్‌పై ఆడుతూ, ఇదే స్థితిలో మంత్రిని మూడు గళ్ళు ప్రక్కకు జరిపి చక్కని విరుగుడు చూపి గెలిచినాడు. మందు స్పాస్కీ శిబిరంలోనే ఉన్నది, వేళకు చేతికి రాలేదు. పరీక్ష గదిలో చదివిన పద్యం నాలుక చివరనే నిలిచిపోవడం ఎరిగిన విద్యార్థులకు ఇది వేరుగా వివరింపనక్కరలేదు.

పందొమ్మిదవ ఎత్తున తెల్లగుర్రం నల్లశకటును తిన్నది. తరతరాల బాధకు కారణమైన ఆ బందీ చివరకు బల్ల దిగిపోయినాడు. దిగిపోతూ యజమాని ఇంటికి కొత్త చిక్కు తెచ్చినాడు. ఎందుకంటే ఆ గుర్రాన్ని తినడానికి నల్లరాజు ముందరి కోటగోడలోని బంటు ఒకటి ప్రక్కకు తొలగవలసి వచ్చినది. ఫిషర్ వెంటనే నడిమి బంటును ముందుకు తోసినాడు. స్పాస్కీ తన బంటును దానిని దాటించి ముందుకు పంపినాడు. ఆ ఎత్తే పొరపాటని తరువాతి విమర్శకులు చాలామంది తేల్చినారు. అది ముందుకు సాగినందువల్ల వెనుకనున్న ఐమూల దారి తెరచుకొన్నది, తెల్లశకటు ఆ దారిలో వచ్చి నల్లరాజు ఇంటివైపు చూస్తూ కూర్చున్నది. నాకు మాత్రం ఇంతకంటె వెనుకనే ఆట జారిపోయినదనిపిస్తుంది. నల్లవాడి పావులన్నీ ఒకదానినొకటి కాచుకొనే పనిలోనే ఉన్నవి. దాడి చేయడానికి తీరిక ఉన్నది ఒక్కటి లేదు.

అక్కడినుండి తెల్లవాడి రెండు బంట్లు చెట్టపట్టాలు పట్టుకొన్నట్లు ముందుకు నడచినవి. ఇరవై ఎనిమిదవ ఎత్తుకు రెండు ఏనుగులూ ఒకే నిలువు వరుసలో నిలిచినవి. ముప్పది ఒకటవ ఎత్తున ఒక బంటు నల్లవాడి గుమ్మం దాకా చేరినది. ఇక ఆ తరువాతి ఐదు ఎత్తులే ఈ ఆటకు ప్రాణం. ముప్పది రెండు మొదలు ముప్పది ఆరు వరకు స్పాస్కీ చేయగలిగిన పని మంత్రిని ఒక గడినుండి ప్రక్క గడికి, మళ్ళీ ఆ గడినుండి ఈ గడికి జరపడం మాత్రమే. బల్ల అంతటా తిరిగే అధికారం కల పావు అది. నూతిలో పడినవాడు నాలుగడుగులు అటూ ఇటూ నడిచినట్లు నడిచినది. ఫిషర్ తొందరపడలేదు. ఒక బంటును జరిపి నల్లవాడి చివరి ఆశను మూసినాడు. ఒక ఏనుగును ఒక అడుగు, మళ్ళీ ఒక అడుగు ముందుకు తెచ్చినాడు. శకటును వెనుకకు తీసి, దాని ముందుకు మంత్రిని తెచ్చినాడు. చేతిలో ఉన్న గెలుపును ఇంత నిదానంగా పెంచడం, నిత్యం తగాదాలతో పత్రికల కెక్కే ఆ మనిషిలో ఎక్కడ దాగి ఉన్నదో ఆశ్చర్యమే.

ముప్పది ఎనిమిదవ ఎత్తున ఏనుగును ఇచ్చి గుర్రాన్ని తీసుకొన్నాడు. రెండవ ఏనుగు ఆ గడిలోకి దూకినది. నల్లరాజు ఒక గడి జరిగినాడు, మళ్ళీ మూలకు పోయినాడు. నలభై ఒకటవ ఎత్తున తెల్లమంత్రి వచ్చి నిలిచేసరికి స్పాస్కీ ఓటమి ఒప్పుకొన్నాడు.

సభ మ్రోగిపోయినది. అప్పుడు స్పాస్కీ కూడా వారితోపాటు చప్పట్లు కొట్టినాడు.

ప్రపంచ విజేత, తన పీఠానికి ముప్పు తెచ్చిన ఓటమిని, ఆ ఓటమి తెచ్చిన చేతులను చూచి చప్పట్లు కొట్టినాడు. ఆ ఆటతో ఫిషర్ మూడున్నర, స్పాస్కీ రెండున్నర. పోటీలో ఫిషర్ మొదటిసారి ముందంజ వేసినాడు. 1948 నుండి ఆ పీఠం సోవియట్ దేశానిది. స్పాస్కీ వెనుక ఒక ప్రభుత్వం నిలిచి ఉన్నది, అది ప్రతి ఎత్తునూ లెక్క వ్రాసుకొంటున్నది. ఆ చప్పట్లు అక్కడ ఎట్లా వినబడతాయో అతనికి తెలియకపోదు. నాటి పత్రికలు ఈ పోటీని రెండు మహారాజ్యాల కోడిపందెంగా చిత్రించినవి. ఆ చిత్రంలో ఈ చప్పట్లకు చోటు లేదు. ఏ పుంజు ఎదుటి పుంజు కత్తి దెబ్బను మెచ్చుకొన్నది? ఎవరిని గాని మెచ్చడం అరుదైన ఫిషర్ కూడా చలించినాడు. అది నిజమైన ఆటగాడి లక్షణమని తనవారితో అన్నాడట.

ఆ ఆట తరువాత పోటీ మళ్ళీ సమానం కాలేదు. సెప్టెంబరు 1న, ఇరవై ఒకటవ ఆటతో, పన్నెండున్నరకు ఎనిమిదిన్నరగా ఫిషర్ ప్రపంచ విజేత అయినాడు. స్పాస్కీ ఇంటికి వెళ్ళి విమర్శలు పడినాడు. మరుసటి ఏడు సోవియట్ దేశపు ఛాంపియన్ పోటీని గెలిచి సమాధానం చెప్పినాడు. 1976లో ఫ్రాన్సుకు తరలిపోయినాడు. ఫిషర్ 1975లో పీఠానికి పోటీ ఆడక దానిని వదలుకొన్నాడు. అది కార్పోవ్‌కు దక్కినది. కార్పోవ్ గురువు ఎవరంటే, పదునాలుగవ ఎత్తు శకటుకు కర్త అయిన ఆ ఫుర్మనే. 1992లో యుగోస్లావియాలో ఫిషర్, స్పాస్కీ మళ్ళీ ఆడినారు. ఆ దేశంపై ఉన్న ఆంక్షలను ధిక్కరించినందుకు ఫిషర్‌పై అమెరికా అరెస్టు ఉత్తరువు జారీ చేసినది. ఆ తరువాతి సంవత్సరాలలో అతని నోటినుండి వచ్చిన ద్వేషపు మాటలను ఎవరూ సమర్థింపలేరు, నేనూ సమర్థించను. 2005లో ఐస్‌లాండ్ అతనికి పౌరసత్వం ఇచ్చి ఆశ్రయం చూపినది. 2008 జనవరి 17న రేక్యావిక్‌లోనే మరణించినాడు. స్పాస్కీ 2025 ఫిబ్రవరి 27న మాస్కోలో మరణించినాడు.

ఫిషర్‌కు ఐస్‌లాండ్ ఆశ్రయం దొరకకముందు, 2004లో, జపాను అధికారులు అతనిని నిర్బంధించినారు. అప్పుడు స్పాస్కీ అమెరికా అధ్యక్షునికి ఒక లేఖ వ్రాసినాడు. ఫిషర్ చేసిన తప్పే తానూ చేసినాడు గనుక తనను కూడా నిర్బంధించమనీ, ఇద్దరినీ ఒకే గదిలో ఉంచి ఒక చదరంగం ఇప్పించమనీ అందులో కోరినాడు.